ఏసుమణి శోకం

ఎర్రగుంట్ల, 2005. చావు ఇళ్లలో శోకం పాడే సుంకమ్మ ఇంటి అరుగు. కీబోర్డు వాయించే యేసుప్రసాద్ టేప్‌రికార్డర్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

“ఆపప్పా, ఆపు! స్వర్గంలో ఈ సప్పుడేనా వినొచ్చేది? పిండిమిషను మాదిరుండాది.”

“అది కీబోర్డు పెద్దమ్మా. పాట ఇంకా పూర్తి కాలేదు.”

“పూర్తి సెయ్యొద్దు. సచ్చినోళ్లు ఇది వింటే లేసి ఇంటికొచ్చేస్తారు.”

“నవ్వుకో నువ్వు. ఆల్బం పేరు ‘అవతలి గట్టు’. మనిషి పోయినాక యాడికి పోతాడు, అదీ సంగతి. కోయిలకుంట్ల శివన్న తత్వం పాడినాడు. కడప నుంచి ఫకీరు సాయిబు వచ్చి పాడిపోయినాడు. నేనొక కీర్తన కట్టినా. ఇంక నీ శోకం ఒక్కటే...”

“ముగ్గురు మొగోళ్లు కూచ్చోని పరలోకానికి దోవ చెప్తాండారా! ఆ శివన్నకు తాగితే బస్టాండు నుంచి వాళ్లింటికి పోనీకే దోవ తెలీదు.”

“ఎకసెక్కాలొద్దు పెద్దమ్మా. పాడతావా, లేదా?”

“ఎవురికి?”

“ఎవురికంటే... అందరికీ. సీడీ కొనేటోళ్లకి.”

“థూ! శోకం అందరికీ ఉంటాదా? సచ్చినోళ్ల పేరు పెట్టి పాడాల. పేరు లేకుండా పాడితే ఈదిన పొయ్యే చావు ఇంట్లోకొస్తాది. ఇదీ తెలీదు, మళ్లా మ్యూజిక్కు మాస్టరంట!”

“పేరుండాది.”

“ఎవురిది?”

“మాయమ్మది.”

“ఏసుమణిదా?”

“ఊ.”

“సిగ్గుండాదారా నీకు? మూడేండ్ల కిందట మీ యమ్మ శవం ఇంట్లో ఉండంగ నేనొస్తే, గేటు కాడ్నే నిలబెట్టినోడెవురు?”

“అది... పాస్టరు గారు, సంఘపోళ్లు, అందరూ ఉండ్రి...”

“పాస్టరు మింద పెట్టొద్దు! ఆయప్ప ‘రానీ, కూచ్చోనీ’ అనె. నువ్వే, నువ్వే గదా, ‘మాయమ్మ పరలోకానికి పోయింది, ఈడ ఏడుపులొద్దు, పో’ అంటివి. మెళ్లో టై ఒకటి.”

“తప్పే. శానా తప్పు. పాటలతో పూడ్చి ఇంటికొచ్చినానా, ఏడుపే రాలేదు. ఈ పొద్దుటికీ ఏడ్సలేదు పెద్దమ్మా నేను. నీ శోకం వింటే అన్నా...”

“అట్ల చెప్పు! నీ ఏడుపు కోసరం ఒక ఫకీరును కడప నుంచి పిలిపిచ్చినావు.”

“ఇంగేం చెయ్యాల? ఊర్కె వచ్చి పాడమంటే నువ్వు నన్ను గుమ్మం ఎక్కనిస్తావా?”

“ఎక్కనియ్యను.”

“అందుకే. పాడు పెద్దమ్మా. కాళ్లు పట్టుకుంటా.”

“లెయ్, లెయ్. కాళ్లు పట్టుకునేది కూడా పోటోకు పట్టుకున్నట్లుండాది. పాడగూడదు.”

“పేరు చెప్పినా గదా!”

“ఒక మనిషికి శోకం ఒకసారే. రెండోసారి పాడితే పోయినోళ్లు దోవలోనే ఎనక్కి తిరుగుతారు.”

“మాయమ్మకు నువ్వు పాడనే లేదే!”

“పాడినా.”

“యాడ? మేమంతా పోయినాక, సమాధుల కాడనా?”

“కాదు. ఆయమ్మ పోకముందు, పది దినాల ముందర. నువ్వు రాజంపేటలో పెండ్లికి వాయించనీకి పోయినావు చూడు, ఆ పొద్దు. కబురు పెట్టి పిలిపిచ్చుకునింది. మంచం మింద దిండుకు ఆనుకోని, తన శోకం తానే వినింది.”

“బతికుండంగనా? అట్ల పాడొచ్చా?”

“పాడగూడదు. నేనూ అదే అంటి. ‘పాడక్కా, రేపు నా కొడుకు నిన్ను గడప తొక్కనియ్యడు’ అనింది.”

“మాయమ్మ... అట్లనిందా?”

“అనింది. పాడినా. కన్నబిడ్డ పేరు శోకంలో ఒక్కసారే వస్తాది ప్రసాదూ. నీ పేరు కాడికి రాంగనే నా చెయ్యి పట్టుకోని, ‘ఇంగొకసారి అనక్కా, ఇంగొకసారి’ అని మూడుసార్లు అనిపిచ్చుకునింది.”