తొక్కతోనే తినాలి

అణు ప్రమాదం జరిగాక పసిబిడ్డతో దూరంగా వెళ్లిపోయిన కోడలు, పదేళ్లకు ఫుకుషిమాలోని పీచ్ తోటలో అత్తగారి ఎదుట నిలబడింది.

“అత్తయ్యా, ఏటా మీరు పంపిన పండ్లు మేం తినలేదు. పారేశాను.”

“తెలుసమ్మా.”

“తెలిసీ పంపారా?”

“రేడియేషన్ లేదని పరీక్ష కాగితం కూడా పెట్టాను కదా, చదవలేదా?”

“చదివాను. అయినా ధైర్యం చాల్లేదు. చంటిపిల్ల కదా.”

“తప్పేముంది? మొదటేడు నేనూ నోట పెట్టలేదు. ఆ చలికాలం మీ మామయ్యా నేనూ ఆ విషపు ధూళి పోయేలా చెట్టుచెట్టుకీ బెరడు కడిగాం. చేతులు పగిలి నెత్తురొచ్చింది. ఆ తర్వాత పరీక్షలో ఒక్క పండూ తప్పలేదు.”

“ఇప్పుడు మీ మనవరాలు చిహారు తింటానని గోల పెడుతోంది.”

“మరి నువ్వేమంటావు?”

“ముందు నేను తింటాను. కత్తి ఇవ్వండి, తొక్క తీస్తాను.”

“కత్తెందుకే పిచ్చిదానా? మన పండు తొక్కతోనే తినాలి. కొరుకు!”