శ్రీపాల్ పటేలు పేగు మేలుకున్న నాడు

కూసో సంజీవా. ఆ కుర్చీ కాలు ఊగుతది, ఇటు అరుగు మీద కూసో. బస్టాండు కాడ శ్రీపాల్ పటేలు ముచ్చట చెప్పుకొని నవ్వుకుంటుండ్రా? నవ్వనియ్యి, ఆయన పోయి చానేండ్లాయె. నువ్వు ఆయన్ని చూడలే, అప్పుడు హాస్టల్ల ఉంటివి. మంచాల ఊరి దిక్కు చెలక, ఇల్లేమో గీ మన గల్లీ చివరన. మనిషి నిటారుగ నడుస్తుండె. చెలక నుంచి వచ్చినా ధోతికి మట్టి అంటకపోవు, ఎట్ల నడుస్తుండెనో ఏమో. నలుగురి ముంగట తేన్పు గూడ రానియ్యడు. మా చిన్నాయన బిడ్డ పెండ్లిల బంతిల పక్కోడు గట్టిగ తేన్పిండని ఆకు మడిచి లేచిపోయిండు. ఆ పెండ్లిల పప్పు మాడింది, దానికి మా చిన్నమ్మ వంటోనితోని… సరే, అది వేరే ముచ్చట. ఆయన కొడుకు దేవేందర్, కోడలు మంజుల. ఆమె ఆ ఇంటికొచ్చి ఏండ్లు గడిచినా మామ ఆమెతోని ఒక్క మాట మాట్లాడింది లేదు. కోపం కాదురా, గదే ఆయన పద్ధతి. నీళ్లు గావాల్నంటే గోడకు చెప్పినట్టు "నీళ్లు" అంటుండె, ఆమె తెచ్చి గడప కాడ పెట్టి పోతుండె.

తెలంగాణ వచ్చిన మరుసటేడు ఎండకాలం, ఆయనకు కడుపునొప్పి లేసింది. లేస్తే చెప్పాలె గదా? చెప్పడు. చెలకల వంగి వంగి నడుస్తుంటే మల్లా అని ఆయన జీతగాడు చూసి ఇంట్ల చెప్పిండు. అప్పటికే పేగు మెలివడ్డది. దేవేందర్ కార్ల ఏసుకొని దవాఖానకు తీస్కపోయిండు, ఏ దవాఖాన అని అడగకు, పట్నం దిక్కే ఒకటి. కోసి, చెడిపోయిన కాడికి తీసేసి, మళ్ల కుట్టిండ్రు. ఆపరేషన్ మంచిగనే అయింది. పొట్టి డాక్టరొకాయన ఉండె, మెల్లగ మాట్లాడుతడు, ఆయన అందర్ని కూసోబెట్టి చెప్పిండు. కడుపు కోసినంక పేగులు నిద్రవోతయట, కొందరికి తొందరగ మేలుకుంటయి, కొందరికి మొండికేస్తయి. అవి మేలుకునేదాక ముక్కుల పైపు ఉంటది, నోట్లకు చుక్క నీళ్లు గూడ ఇయ్యొద్దు. మేలుకున్నయని ఎట్ల తెలుస్తది సార్ అని దేవేందర్ అడిగితే, కింది నుంచి గాలి పోతది, గదే గుర్తు అన్నడు. ఇగ చూడు, పొద్దుగాల ఒకరు, పొద్దుమీకి ఒకరు, "తాతా, గాలి పోయిందా?" అని నర్సులు వార్డంత వినవడేటట్టు అడుగుడు. పక్క మంచాలోళ్లు తలలు తిప్పి చూసుడు. కోడలు కాళ్ల కాడ నిలబడే ఉంటది. పటేలు కండ్లు మూసుకుంటుండె. పెదవులు పగిలి పొట్టు లేస్తుంటే మంజుల తడి బట్టతోని అద్దుతుండె, అంతే.

ఎన్ని పొద్దులైనా గాలి లేదు. ముక్కుల పైపుల నుంచి పచ్చటి నీళ్లు సంచిలకు దిగుతనే ఉన్నయి. ఒకనాడు మంజుల ఒక్కతే కాడ ఉన్నప్పుడు నర్సు అడిగితే, పటేలు కండ్లు తెరిచి అవ్ అన్నట్టు తలకాయ ఊపిండు. అందరు సంబురపడ్డరు. పైపు తీసిండ్రు, చెంచతోని నీళ్లు, మాపటాల్లకు జర కొబ్బరినీళ్లు. తెల్లారి పొట్ట ఉబ్బుకొచ్చింది, ఆయన ఎవరికి చెప్పలే. పగటియాల్ల ఒక్కసారిగ కక్కుకున్నడు, అది ఊపిరితిత్తులల్లకు పోయింది. మొకం నల్లవడ్డది. ఉరికిచ్చి ఐసీయూల ఏసి, ఆక్సిజన్ పెట్టి, పైపు మళ్ల దించిండ్రు. బతుకుతడో లేదో ఇప్పుడే చెప్పలేమన్నరు. దేవేందర్‌కు పిచ్చి లేసినట్టాయె, డాక్టరు మీదికి పోయిండు, వేరే దవాఖానకు తీస్కపోతమన్నడు. ఈ హాలత్‌ల కదిలిస్తే తొవ్వలనే పోతడని డాక్టరు. గాలి పోయిందని ఎవరు చెప్పిండ్రని ఆయన అడిగితే, ఆ నర్సు డ్యూటీ దిగి పోయింది. అప్పుడు మంజుల ముంగటికొచ్చి, "నేనే చెప్పిన సార్. పోయినట్టు అనిపిచ్చింది" అన్నది.

దేవేందర్ అందరి ముంగట తిట్టిండు. మా బాపును సంపుతవా అన్నడు, ఇంక నోటికొచ్చింది అన్నడు. ఆమె తలకాయ వంచుకొని నిలబడ్డది. లోపల అద్దం తలుపు సగం తెరిచే ఉండె. పటేలు అన్ని వింటుండె. చెయ్యి లేపి మొకం మీది మాస్కు పక్కకు గుంజిండు. నర్సు ఆపబోయినా ఆగలే.

"పిల్లనేమనకు. అబద్ధం ఆడింది నేను" అన్నడు.

గంతే. మళ్ల మాస్కు పెట్టిండ్రు. దేవేందర్ బైటికి పోయి మెట్ల మీద కూసున్నడు.

పానం గట్టిది, నిలవడ్డది. జర తేరుకున్నంక, నడిస్తే పేగు కదులుతదని డాక్టరు లేపి నడిపియ్యమన్నడు. కొడుకు చెయ్యి అందిస్తే వద్దన్నడు పటేలు. మంజుల దిక్కు చూసిండు. ఆమె ఒక చేత సెలైన్ స్టాండు, ఒక చేత మామ రెట్ట పట్టుకొని వరండాల నడిపిచ్చింది. పొద్దున కొంచెం, మాపున కొంచెం. ఒకనాడు కిటికి కాడ ఆగిండ్రు. అప్పుడు పోయింది. చిన్నగ గాదు, వరండాల ఉన్నోళ్లందరు తిరిగి చూసిండ్రు. మన్నెగూడల ఉండే ఆంధ్రామె ఒకావిడ, లలితకుమారి, తన పెనిమిటి కోసం అక్కడనే ఉండె, "అమ్మయ్య, వచ్చేసిందండీ, ఇంకేం భయం లేదు బాబాయిగారూ" అన్నది. పటేలు సిగ్గుపడ్తడనుకున్నరు అందరు. ఆయన కోడలి దిక్కు తిరిగి, "బిడ్డా, డాక్టర్‌కు చెప్పు. ఈసారి నిజమే" అన్నడు. ఆమె నవ్విందట. నవ్వుకుంట ఏడ్చిందట.

ఇంటికొచ్చినంక ఇంకో నాలుగేండ్లు మంచిగ బతికిండు. కోడలిని పేరు పెట్టి పిలుస్తుండె, ఆమె తినకపోతే తాను తినకపోవు. చూసినోళ్లకు వింతగుండె. ఇగ ఊర్లనేమో, పటేలు ఇజ్జత్‌కు పోయి పిత్తు మీద అబద్ధం ఆడి పానం మీదికి తెచ్చుకున్నడని నవ్వుకుంటనే ఉన్నరు. నువ్వు విన్నది గూడ గదే గదా? ఓసారి చెలక గట్టు మీద కూసున్నప్పుడు అడిగిన, అన్నా, నిజంగ సిగ్గుకేనా అని. "సిగ్గు కాదురా. సచ్చిపోతనని ఖాయం చేసుకున్న. సచ్చేముంగట ఒక్క గుక్క నీళ్లు తాగుదమని అట్ల తలకాయ ఊపిన" అన్నడు. మరి ఊరోళ్లకు చెప్పరాదే అంటే, "సిగ్గుకని అనుకోనియ్యి. నేను భయపడ్డనని మంజులకు తెలుసు, సాలు" అన్నడు.

…

ఏందంటివి, మీ బోరు మోటరు కాలిందంటివి గదా, తీసిండ్రా బైటికి?