రొమ్ము మీద చార

"కదలమాకరా కోటేశూ. చార వంకరపోతంది."

"నేను కదల్లేదు మావయ్యా."

"కదలకపోతే నా కుంచె ఎందుకు తప్పుద్ది?"

"నీ చెయ్యే వణుకుతందేమో."

"ఒరేయ్, ఈ ఊళ్ళో ఆడిన పులులన్నీ ఈ చేతి కిందే పుట్టినయ్. నా చేతికి వంక పెడతన్నావా నువ్వు?"

"కబుర్లాపి పని కానీ సాయిబూ. డప్పులు లేచినయ్యంటే మనకోసం ఆగవు."

ఆరోజు ముప్పాళ్ళలో పీర్ల పండగ ఆఖరు, పీర్లు వాగుకు పోయే రోజు. ఆదినారాయణ తన కొట్టంలో ఎడ్లను బయట కట్టేయించి, కూతురి కొడుకు కోటేశును మోడా మీద కూర్చోబెట్టాడు. మామూలు రోజుల్లో బండ్లకూ తలుపులకూ రంగులేసే జాన్ సాహెబ్ వాడికి పులివేషం వేస్తున్నాడు. ఆమధ్య పిల్లవాడికి ఒళ్ళంతా ఎర్రగా పేలి చిన్నమ్మవారు పోసినప్పుడు, తగ్గితే వాణ్ణి పులిని చేసి పీరు ముందు ఆడిస్తానని అమ్మమ్మ సరస్వతమ్మ మొక్కుకుంది. తగ్గింది. ఆమె వంటింట్లో పానకం కలుపుతూ పులి అయిందా అని అప్పుడే రెండుమార్లు అడిగింది. ఆదినారాయణ మాత్రం గడప దగ్గర నిలబడి ఒకసారి వీధి వంకా ఒకసారి పిల్లవాడి వంకా చూస్తున్నాడు. కూర్చోమంటే కూర్చోవడం లేదు.

"బాబాయ్, ఒకసారి ఇట్టా రా."

"ఏంది?"

"వీడి రొమ్ము మీద చెయ్యి పెట్టు. ఈ ఎడమపక్క."

"రంగంటుద్ది."

"అంటితే కడుక్కుంటావు. పెట్టు."

"పెట్టేదేముంది? పిల్లోడు సంబరంలో ఉన్నాడు. సంబరానికి కొట్టుకోదా గుండె?"

"నేనింకా గుండె మాట అన్లేదు."

"రొమ్ము మీద చెయ్యి పెట్టమంటివి. రొమ్ములో ఇంకేముంటది?"

"అది కాదు బాబాయ్. పావురాన్ని గుప్పిట్లో పట్టుకున్నట్టుంది నాకు. చార గీస్తంటే కుంచె కింద తోలు ఎగురుతంది. కోటేశూ, ఎక్కడన్నా పరిగెత్తొచ్చావా?"

"లేదు. అమ్మమ్మ కాడ్నుంచి నడిచొచ్చా."

"వంటింట్లోంచా?"

"ఊఁ."

"మరి ఆ ఆయాసం ఏంది?"

"ఆయాసం కాదు. ఊరికే ఊపిరి ఎక్కువొస్తంది."

"ఇన్నావా బాబాయ్?"

"ఇన్నా. నువ్వు చార గియ్యి. ఇంకా మొహం వెయ్యలా, తోక కట్టలా."

"వార్నీషు రోజులైతే ఈపాటికి అయిపోయేది. యుద్ధమొచ్చి డబ్బా దొరక్కపోయె. పసుపుపచ్చ పేవడి పొడిలో తుమ్మజిగురు కలిపి పూస్తన్నా. ఆరాలిగా."

"ఆరిందాకా ఆగుతారా వాళ్ళు?"

"వాళ్ళ సంగతి నేను చూసుకుంటా. నువ్వు చెప్పు. పోయినేడు ఈడు ఏం చేశాడో గుర్తుందా? ఆడే పులి ఎనకమాల పరిగెత్తి తోక పీక్కొచ్చాడు. నేను తరిమితే నాకు చిక్కలా. పీర్ల చావిడి చుట్టూ తిప్పాడు నన్ను. ఇయ్యాల మోడా మీద కూర్చోబెడితే కూర్చున్నట్టే ఉన్నాడు."

"బుద్ధొచ్చింది."

"నాకేం బుద్ధి రాలా మావయ్యా. తాతే లేవనీయడు. పొద్దుట్నుంచీ అంతే. అరుగెక్కమాకు అంటాడు, బావి కాడికి పోమాకు అంటాడు. అమ్మమ్మ అటు తిరిగితే ఎత్తుకుంటాడు కూడా. నాకు సిగ్గేసుద్ది."

"నోర్ముయ్‌రా."

"ఎందుకు బాబాయ్, ఇంత పిల్లోణ్ణి ఎత్తుకోవటం?"

"నా మనవడు. నా ఇష్టం."

"ఇంట్లో అడుగు వెయ్యనీయనోడివి, చావిడి కాడ్నుంచి వాగుదాకా ఎట్టా ఆడిస్తావు? పులంటే నడవటం కాదు, గెంతాలి. కూర్చుంటే డప్పులోళ్ళు ఊరుకోరు."

"మొక్కు."

"మొక్కు సంగతి నాకూ తెలుసు."

"తెలిస్తే అడగమాక."

"పోనీ ఇది చెప్పు. మొన్న బొగ్గు బస్సులో నరసరావుపేట పోయావంట?"

"ఎడ్లకు గానుగ చెక్క కోసం."

"పిల్లోణ్ణి ఎంటబెట్టుకొనా?"

"బస్సు ఎక్కుతానన్నాడు."

"నేనన్లేదు మావయ్యా. తాత డాక్టరుగారి కాడికి తీసుకుపోయాడు. ఆయన చెవుల్లో గొట్టాలు పెట్టుకొని ఇక్కడ ఇన్నాడు, ఇక్కడ ఇన్నాడు, ఈపు మీద కూడా ఇన్నాడు. చల్లగా ఉంది. సీసా ఇచ్చాడు. చేదు."

"కోటేశూ."

"అమ్మమ్మకు చెప్పొద్దన్నావు తాతా. మావయ్యకు చెప్పొద్దన్లేదుగా."

జాన్ సాహెబ్ కుంచె మసి చిప్పలో పెట్టేశాడు. అమ్మవారు పోసిన ఇంట్లో మొక్కు తీరేదాకా డాక్టరు గడప తొక్కకూడదు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిందే. ఆదినారాయణ లాంటి మనిషి పెళ్ళానికి చెప్పకుండా పోయాడంటే ఊరికే పోలేదని అతనికి అర్థమైంది. అంతలో సరస్వతమ్మ లోపలినుంచి, పులి ఎందాకా వచ్చిందని మళ్ళీ అడిగింది. ఇంకా మొహం మిగిలిందని జాన్ సాహెబే జవాబు చెప్పాడు.

"కోటేశూ, కళ్ళు మూసుకో. మొహానికి పసుపుపచ్చ పూస్తా. చెవులు కూడా మూసుకో."

"చెవులెందుకు?"

"పులి చెవులు తర్వాత పెడతా. అందాకా నీకు చెవులు లేవు."

"సరే."

"ఇప్పుడు చెప్పు బాబాయ్. డాక్టరేమన్నాడు?"

"బలానికి సీసా ఇచ్చాడు. గాలిలో ఆడుకోనీమన్నాడు."

"అంతేనా?"

"అంతే."

"అంతే అయితే నువ్వెందుకు ఎత్తుకొని తిరుగుతన్నావు?"

"నువ్వు రంగు పుయ్యి."

"బాబాయ్."

"ఒకటడిగాడు."

"ఏమని?"

"ఈమధ్య పిల్లోడికి జబ్బేమన్నా చేసిందా అని."

"నువ్వేమన్నావు?"

"లేదన్నా."

"లేదన్నావా."

"ఏమనమంటావు? అది జబ్బా? మీ ఇంట్లో అంటారా దాన్ని జబ్బని?"

"అనం."

"మీ పిల్ల సాజిదాకు పోసినప్పుడు నువ్వు గుమ్మానికి వేపమండ కట్టలా?"

"కట్టా. ఆ మాట నా నోటెంట కూడా రానీలా. నిన్ను తప్పు పట్టటంలా నేను. తర్వాతేమైంది?"

"మళ్ళీ అడిగాడు. తట్టుగానీ, గట్టి జ్వరంగానీ వచ్చి తగ్గిందా, బాగా తలుచుకొని చెప్పు పెద్దాయనా అన్నాడు. లేదన్నా. రెండోసారీ లేదన్నా."

"ఎందుకడిగాడంట అట్టా గుచ్చి గుచ్చి?"

"తట్టు వచ్చి తగ్గిన పిల్లల్లో ఎవరో ఒకరికి అది లోపల గుండెకు పట్టుద్దంట. ఒంటి మీద మచ్చ కూడా ఉండదు, తిండి తింటా ఉంటారు, మనం తగ్గిందనుకుంటాం. లోపల గుండె కండ వాచి ఉంటదంట. అట్టాంటోళ్ళని మంచం దిగనీయకూడదంట. నెమ్మదిగా పడుకోబెట్టి చూసుకుంటే చానామందికి సర్దుకుంటదంట."

"దిగనిస్తే? గెంతనిస్తే?"

"ఆయన చెప్పబోయాడు. నేనే వద్దన్నా. మావాడికి అట్టాంటిదేం రాలేదు, మాకెందుకు అన్నా."

"అంతా ఇని కూడా?"

"అప్పటికే రెండుసార్లు లేదని చెప్పానుగా. బయట మనోళ్ళు, ముప్పాళ్ళోళ్ళే ఇద్దరు కూర్చుని ఉన్నారు. నేనిప్పుడు వచ్చిందని చెప్తే నన్ను ఏమనుకుంటారు? పైగా అమ్మ పేరు పెట్టి జబ్బంటే, మళ్ళీ పోస్తే? ఈసారి తీసుకుపోతే? నా కూతురికి నేనేం చెప్పను? మొగుడు పటాలంలో ఉంటే పిల్లోణ్ణి నన్ను నమ్మి ఇక్కడ పెట్టింది."

"ఏమీ రాలేదన్నావు కాబట్టి ఆడుకోనీమన్నాడు ఆయన."

"అవును."

"వచ్చిందని చెప్పుంటే పడుకోబెట్టమనేవాడు."

"నాకు తెలవదా? రాత్రీ పగలూ అదే తిరుగుతంది బుర్రలో. మంచం మీద కూర్చుంటే కుదరదు, చేలోకి పోతే కుదరదు. వాడు దగ్గితే లేస్తా, దగ్గకపోయినా లేస్తా."

"నేను చెవులు మూసుకోలా తాతా."

"ఏందిరా?"

"కళ్ళు మూసుకున్నా. చెవులు మూసుకుంటే చెంపకు రంగెట్టా పూస్తాడు? అంతా ఇన్నా. డాక్టరుగారితో నేను చెప్తాలే తట్టు వచ్చిందని. వచ్చింది నాకుగా. అమ్మవారికి నా మీద కోపముంటే నన్నొదిలి ఎందుకు పోద్ది? కళ్ళంలో పడ్డాను గదా, అది కూడా చెప్తా."

"కళ్ళంలో పడ్డావా? ఎప్పుడు?"

"బస్సెక్కేదానికి ముందురోజు. కుప్ప ఎక్కబోతే కళ్ళు చీకట్లు కమ్మినయ్ మావయ్యా. లేచేసరికి తాత ఒళ్ళో ఉన్నా. తాత ఏడుస్తన్నాడు."

"ఏడవలా. కళ్ళంలో పొట్టు పడింది కంట్లో."

"పొట్టే బాబాయ్. పొట్టే పడుంటది."

"నవ్వుతన్నావా?"

"నవ్వటంలా. ఈణ్ణి ఎట్టా ఆడించమంటావు నన్ను?"

"అయితే వద్దను. నువ్వు చెప్పు, మొక్కు ఆపమని."

"నేనెట్టా చెప్తాను? చావిడిలో పీరుకు గుడ్డలు కట్టేది మా ఇంటోళ్ళు. పీరు మొక్కు సాయిబే ఆపించాడంటే రేపు ఊళ్ళో నా మొహం ఎక్కడ పెట్టుకోను? నాకూ భయముంది బాబాయ్. ఆపితే భయం, ఆడిస్తే భయం."

"నేను ఆడతా. ముందు ఆడి తర్వాత పడుకుంటా. ఆడకపోతే సుభానీగాడు నన్ను పిల్లి అంటాడు."

"నువ్వూరుకో. పోయినేడు నువ్వు తోక పీకిన పులి ఆడేగా."

"అందుకే అంటాడు."

"బాబాయ్, ఒక దారుంది. మొక్కున్నోడికి ఒళ్ళు బాగోకపోతే ఆడి నెత్తురున్నోడు ఇంకొకడు వేషం కట్టొచ్చు. మొన్నామధ్య దావూద్ కాలిరిగితే ఆడి తమ్ముడు ఆడలా? పీరు ఒప్పుకున్నట్టే లెక్క. కానీ మీ ఇంట్లో ఎవరున్నారు? అల్లుడుంటే ఆడేవాడు. మీకా మగపిల్లలు లేకపోయిరి."

"లేరు."

"పోనీ నీ తమ్ముడి కొడుకుల్ని కబురంపుదామా?"

"ఎడ్లపాడులో ఉన్నారు. వాళ్ళొచ్చేసరికి పీర్లు వాగులో మునిగి ఇంటికొస్తయ్."

"మరెట్టా? అదిగో, లేచినయ్ డప్పులు."

"ఇన్నా."

"నీకేమో ఈ గెంతులంటేనే గిట్టదు. పీర్ల ముందు గెంతేది పనిలేనోళ్ళని ఏటేటా అంటావు. నీ పెళ్ళి ఊరేగింపులోనే పల్లకి దిగకుండా కూర్చున్నావంట, ఎవరన్నా ఆడమంటారేమోనని. మా నాయన చెప్పేవాడు."

"మీ నాయనకు నోరెక్కువ."

"తాతా, దగ్గరికొచ్చినయ్. నన్ను లెమ్మంటావా?"

"లేవమాక. సాయిబూ, రొమ్ము మీద ఇంకేం పుయ్యమాక. పూసింది కూడా తడిగుడ్డతో తుడువు. రేపు డాక్టరు గొట్టం పెట్టి ఇనాల."

"అయితే రేపు పోతన్నావా?"

"పొద్దున బస్సుకే."

డప్పుల మోత వీధి మలుపు తిరిగింది. సరస్వతమ్మ పానకం బిందె పట్టుకొని కొట్టం గుమ్మంలోకి వచ్చి, సగం రంగుతో కూర్చున్న మనవణ్ణి చూసి, ఇదేంది ఇంకా కాలేదా, సామి ఇంటి ముందుకు వస్తుంటే ఇదేం ఆలస్యం అని సాయిబును కోప్పడింది. జాన్ సాహెబ్ తలవంచుకొని తడిగుడ్డ పిండుతున్నాడు. జవాబు ఆదినారాయణే చెప్పాడు.

"సరస్వతీ, పిల్లోడికి వచ్చింది తట్టు. తట్టంటే జబ్బు. అది గుండెకు పట్టిందేమోనని నా అనుమానం. డాక్టరుకు నేను అబద్ధం చెప్పి వచ్చా. రేపు పోయి నిజం చెప్తా. వాణ్ణి ఎత్తుకుపోయి మంచం మీద పడుకోబెట్టు. ఆయన లెమ్మనేదాకా లేవనీయమాక."

బిందె కింద పెట్టి ఆమె రెండు చేతులతో చెవులు మూసుకుంది. ఆ మాట వెనక్కి తీసుకొమ్మని, గడపలో నిలబడి అనే మాటేనా అని, అమ్మ వింటుందని మెల్లగా అంది.

"ఇననియ్. అన్నది నేను. కోపమేదన్నా ఉంటే నా మీదనే పెట్టుకోమను. పిల్లోడి మీద కాదు."

మరి పీరుకు ఇచ్చిన మాటో అని ఆమె అడిగింది. డప్పులు వాకిట్లోకి వచ్చి ఆగాయి. పులిని పంపండని ఎవరో కేకేశారు. ఆదినారాయణ తలపాగా తీసి గూట్లో పెట్టాడు. చొక్కా విప్పి ఎడ్ల గాటికి తగిలించాడు. నెరిసిన రొమ్ముతో వచ్చి, జాన్ సాహెబ్ ముందు నిలబడ్డాడు.

"ఆ తోక వాడికి కాదు సాయిబూ. ఇట్టా తే. నా నడుముకు కట్టు."