గోడవతలి ఆదివారం

1951. లాంకషైర్‌లో నూలుమిల్లుల ఊరు, ఆల్డర్ వీధి. ఆదివారం, పన్నెండు కావడానికి ఇంకా పాతిక నిమిషాలు. తొమ్మిదో నంబరు ఎడ్నా, పొయ్యి కెలికే ఇనపకడ్డీ చేతబట్టుకుని, పదకొండో నంబరు బెర్తా గుమ్మంలో నిలబడి ఉంది. ఆ రెండిళ్లకీ మధ్య ఉన్నది ఒకటే గోడ, అదీ ఒక్క ఇటుక మందాన. ఎడ్నా అప్పటికే రెండు విడతలు అరిచింది. కోపం ఇంకా సగం కూడా ఖర్చు కాలేదు.

"పది నిమిషాలు! పది నిమిషాల్నుంచీ బాదుతున్నాను మీ తలుపు! వీధి వీధంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తోంది. మీకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు, మిసెస్ కెర్షా!"

"బూడిద పారబోద్దామని తలుపు తీశాను. తీస్తే నువ్వున్నావు. ముందా మెట్టు దిగు. నిన్న మోకాళ్ల మీద కూచుని రాయి పెట్టి రుద్దాను దాన్ని."

"మెట్టు సంగతి తర్వాత—"

"మిసెస్ కెర్షానా? పద్దెనిమిదేళ్లు బెర్తా బెర్తా అని తిరిగి, ఇవాళ మిసెస్ కెర్షానా? ఏం, పిల్లింగ్ నేర్పాడా ఈ మర్యాద?"

"పిల్లింగ్ ఊసెందుకిప్పుడు?"

"ఎందుకా! ఇంటివాళ్ల తరఫు మనిషినంటూ నిన్న సాయంత్రం వచ్చాడు. నెత్తిమీద టోపీ అయినా తియ్యలేదు. నా వంటింట్లో నిలబడి, 'పక్కింటావిడ ఫిర్యాదు రాసిచ్చింది, ఇంకొక్కసారి మీ రేడియో చప్పుడు గోడ దాటిందంటే ఇల్లు ఖాళీ చెయ్యాలి' అన్నాడు. కాగితం కూడా చూపించాడు. నీ రాతే. నాకు తెలీదా నీ రాత?"

"అవును, రాశాను. రాయక? ఒళ్లు మండి రాశాను!"

"రాశావుగా. నేనూ ఆపేశానుగా. తీగ పీకేశాను, పెట్టె మీద దుప్పటి కప్పాను. ఇంకేం కావాలి నీకు? పోయి హాయిగా పడుకో."

"అదే, ఎందుకాపారు మీరు?"

"ఏంటీ? ఇటు తిరిగి చెప్పు. వీధికేసి చూసి గొణిగితే ఎవరికర్థమవుతుంది?"

"ఎందుకు ఆపారూ అంటున్నాను!"

"ఇదేం చోద్యమమ్మా! మోగితే ఫిర్యాదు, ఆగితే తలుపు విరగ్గొట్టడం. నీకు నిద్ర పట్టడం లేదా, మతి పోయిందా?"

"నేను రాసింది చప్పుడు తగ్గించమని. నోరు నొక్కెయ్యమని కాదు! పొద్దున తొమ్మిదిన్నరకి ప్రార్థన లేదు. పదిన్నరకి ఆ తోటపనాయన చిక్కుడు గింజల గోల లేదు. పదకొండింటికి బాకాల బ్యాండు లేదు. ఆదివారం ఆదివారంలా లేదు. ఇల్లు శ్మశానంలా ఉంది—"

"ఎవరిల్లు?"

"మీ ఇల్లు! మీ ఇల్లే!"

"మా ఇల్లు శ్మశానంలా ఉంటే నీకెక్కడ నొప్పి?"

"నాకా? నాకేం నొప్పి. టైము. టైము తెలియడం లేదు. పొయ్యిలో మాంసముంది. వారానికోసారి దొరికే అరచేతంత ముక్క, మాడిపోతే మీరిస్తారా?"

"నీ వంటింట్లో గడియారముంది."

"ఆగిపోయింది."

"చర్చికి గడియారముంది."

"దాన్ని నమ్మి వండుకుంటే సోమవారం తినాలి."

"అయితే నీ రేడియో పెట్టుకో. రిపేరుకిచ్చావుగా. రెండేళ్లయింది, ఇంకా రాలేదూ?"

"వస్తుంది. లోపలి బల్బేదో దొరకడం లేదుట."

"పోయిన క్రిస్మస్‌కీ ఆ బల్బే. అంతకుముందు క్రిస్మస్‌కీ ఆ బల్బే."

"నా రేడియో నా ఇష్టం! మీలా గొప్పలు పోవడం నాకు చేతకాదు. నాది రిపేరుకెళ్లిన మర్నాడే గదా, మీరా బీరువా అంత పెట్టె మోయించుకొచ్చారు? శనివారం, పట్టపగలు, వీధంతా చూడాలని! అంతకుముందు అన్నేళ్లలో ఆ ఇంట్లో రేడియో అన్న మాట విన్న పాపాన పోలేదు. నాది పోగానే మీకు పాటల మీద మోజు పుట్టుకొచ్చింది!"

"పోగానేనా, రిపేరుకెళ్లగానేనా?"

"...రిపేరుకెళ్లగానే."

"ఊఁ."

"ఏంటా ఊఁ?"

"ఏం లేదు. ఒక్కటి చెప్పు. రెండేళ్లు మోగింది అది. నువ్వు గోడ మీద కొట్టావు, సోమవారం బట్టలారేస్తూ తిట్టావు, నేనూ తిట్టాను, సరి. ఇద్దరం బతికే ఉన్నాం. ఇప్పుడు కొత్తగా కాగితమెందుకు? పోయిన ఆదివారం ఏం కొంప మునిగిందని?"

"ఏం మునిగిందా! ఏమీ ఎరగనట్టు! సైన్యంలో ఉన్న పిల్లలకి పాటలు వేసే ప్రోగ్రాము, పన్నెండింటికి, పేర్లు చదివే వేళకి సరిగ్గా ఆ ముల్లు పక్కకి తిప్పేశారు. పిల్లి తోక తొక్కినట్టు కీచుమని, పాములా బుస్సుమని, గంటసేపు! ఒక్క పేరు వినపడితే ఒట్టు!"

"...గంటసేపా?"

"గంటసేపు!"

"కీచుమనా?"

"నన్నడుగుతారేం? పెట్టె మీది, చెవులు మీవి! దాని పక్కనే కూచుని ఉన్నారుగా?"

"కూచునే ఉన్నాను."

"మరి? కావాలని కాకపోతే ఏంటది? పక్కింటిదాన్ని ఏడిపిద్దామని కాకపోతే, ఏ మనిషి కూచుంటుంది గంటసేపు ఆ కీచుమని మోత వింటూ?"

"గోడ మీద కొట్టాల్సింది."

"కొట్టాను! ఈ కడ్డీతోనే! సున్నం రాలి నా బంగాళాదుంపల్లో పడింది!"

"చూశాను. అలమారలో ప్లేట్లు వణికాయి. చాలడం లేదు కాబోలు, ఇంకా పెంచమంటున్నావనుకుని పెంచాను."

"చూశారా! చూశారా పొగరు! ఇంకా పెంచిందిట! మీతో మాట్లాడటం కంటే చెవిటివాడి ముందు శంఖమూదడం—"

"చాలు. ఆ సామెత నా గుమ్మంలో వద్దు."

"అదిగో! చర్చి గంట! ముప్పావు కొడుతోంది, వినపడిందా?"

"ఆఁ... వినపడింది. వినపడకేం?"

"ఇంక పదిహేను నిమిషాలే! బెర్తా, పెట్టు! పెట్టవే ఆ రేడియో!"

"ఇప్పుడు బెర్తానా? పెట్టవే కూడానా?"

"నీ కాళ్లు పట్టుకోమంటావా ఏంటి?"

"వద్దు. మెట్టు పాడవుతుంది. రేడియో మాత్రం పెట్టను. పెడితే పిల్లింగ్ వస్తాడు, పక్కింటావిడకి నిద్ర చెడుతుంది."

"పిల్లింగ్ సంగతి నేను చూసుకుంటాను!"

"అయితే ఎందుకు కావాలో చెప్పు. మాంసం కాదు, గడియారం కాదు. నిజం చెప్పు. ఇటు తిరిగి, నా మొహం చూసి చెప్పు."

ఎడ్నాకి ఒకరి ముందు నిజం ఒప్పుకోవడమంటే పన్ను పీకించుకోవడమే. ఆ పూట ఇంకో దారి లేకపోయింది.

"క్లిఫ్ రాశాడు. జర్మనీ నుంచి. వాళ్ల బారకాసులో కుర్రాళ్లంతా ఆ ప్రోగ్రాముకి పేర్లు పంపారుట. పోయిన ఆదివారం కాకపోతే ఈ ఆదివారం వీడి పేరు చదువుతారుట. 'అమ్మా, తప్పకుండా విను' అని కింద రెండు గీతలు గీసి మరీ రాశాడు. పోయిన వారం ఆ కీచుల్లో వాడి పేరు కొట్టుకుపోయిందో, ఇవాళ్టికి మిగిలుందో నాకు తెలీదు. పదకొండు నెలలైంది బెర్తా, వాడు వెళ్లి. ఇంట్లో వాడి పేరు పలికే దిక్కు లేదు. పిల్లితో ఎంతకని చెప్పుకోను? ఎవరో ఒకరు, ముక్కూమొహం తెలియనివాడైనా సరే, నా కొడుకు పేరు గట్టిగా పలికితే వినాలనుంది. చాలా? కడుపు నిండిందా?"

"మరి నీ రేడియో—"

"లేదు! నాకు రేడియో లేదు! రిపేరూ లేదు, బల్బూ లేదు! నా మొగుడు వాల్టర్ నన్నొదిలి పోతూ పోతూ పట్టుకుపోయాడు! నేనూ పిల్లాడూ వింటూ కూచుంటే, మధ్యలో ఆపి, తీగ చుట్టుకుని, చంకన పెట్టుకుపోయాడు ఆ దౌర్భాగ్యుడు! ఆ టోపీలు కుట్టేదాని ఇంట్లో మోగుతోందది ఇప్పుడు! విన్నావా? ఇక చాటు వీధంతా!"

"తెలుసు."

"ఏం తెలుసు?"

"చంకన కాదు. వీధి చివర బొగ్గులవాడి తోపుడుబండి మీద పెట్టాడు. శుక్రవారం. నేను మేడమీద కిటికీలో ఉన్నాను. 'రేడియో నాది, పిల్లిని దాన్నే ఉంచుకోమను' అన్నాడు బొగ్గులవాడితో."

"వీధి చివర్నుంచి నీకెలా వినపడింది?"

"మగ్గాల షెడ్డులో నలభై ఏళ్లు. ఆ రొదలో ఎవరికి ఎవరి మాట వినపడుతుంది? పెదవులు కదిలితే చాలు మాకు."

"రెండేళ్లు! రెండేళ్లు తెలిసే ఉండి, బల్బొచ్చిందా, బల్బొచ్చిందా అని నన్నాడించావా?"

"నువ్వు రిపేరన్నావు. ఎంతవరకొచ్చిందని అడిగాను. అబద్ధం నీది, మర్యాద నాది."

"సిగ్గుతో చస్తున్నాను నేను ఇక్కడ!"

"సిగ్గుపడాల్సినవాడు టోపీలావిడ ఇంట్లో కాళ్లు బారజాపుకుని పాటలు వింటున్నాడు. నువ్వేమో అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, వాడి మీది మంటంతా నా పేరున కాగితం మీద పెట్టావు. నేను ఇల్లు వదిలి ఎక్కడికి పోతాననుకున్నావు? ఆఁ? చెప్పు!"

"అంత దూరం ఆలోచించలేదు. నా కళ్లకి ఏమీ కనపడలేదు ఆ కోపంలో."

"నాకూ వస్తుంది కోపం. నిన్న రాత్రి నీ పేరు పెట్టి ఎన్ని తిట్లు తిట్టానో. లోపలికి రా. కడ్డీ ఆ మూల పెట్టు. దుప్పటి లాగెయ్. తీగ అక్కడ గుచ్చు."

పెట్టె వేడెక్కడానికి ఒక నిమిషం పట్టింది.

"ఆఁ, దీపం వెలిగింది. వచ్చేసింది నీ ప్రోగ్రాము. చప్పుడు చాలా, పెంచనా?"

"బెర్తా."

"ఈ టైముకి ఎప్పుడూ వయొలిన్లే. బావుంటాయి."

"బెర్తా, నన్ను చూడు. ఏం వినపడుతోంది నీకు?"

"చెప్పానుగా. వయొలిన్లు."

"ఇది బుస్సుమంటోంది బెర్తా. పోయిన ఆదివారం లాగే. ముల్లు పక్కకి జరిగింది."

"...శనివారం శనివారం దుమ్ము తుడుస్తాను. గుడ్డ తగిలుంటుంది. అలా గుడ్లప్పగించి నిలబడతావేం? తిప్పు! పన్నెండవుతోంది, తిప్పు ముందు! తిట్టుకోవడానికి సాయంత్రం ఉంది!"

"ఉండు, ఉండు... ఆఁ, దొరికింది. మాట్లాడకు."

"నేనెక్కడ మాట్లాడాను?"

"ష్! ఎవరో సార్జెంటు, వాళ్లావిడకి... మనం కాదు. ఎవరో వాళ్ల తాతకి... ఇదీ కాదు. ఎంతమంది ఉన్నారమ్మా ఈ సైన్యంలో!"

పన్నెండున్నర దాటింది. తొమ్మిదో నంబరు నుంచి మాడు వాసన గట్టిగానే వచ్చింది. ఎడ్నా కుర్చీలోంచి కదల్లేదు.

"అయ్యో! అయ్యో, వాడే!"

"ఏంటీ? చెయ్యి తియ్యి నోటి మీంచి! పెదవులు కనపడకపోతే నాకెలా తెలుస్తుంది? వాడేనా?"

"వాడే! 'ఆల్డర్ వీధి, తొమ్మిదో నంబరు, మిసెస్ ఎడ్నా రామ్స్‌డెన్‌కి, కొడుకు క్లిఫ్ రామ్స్‌డెన్ నుంచి' అన్నాడు. పూర్తి పేరు! ఇంటి నంబరుతో సహా!"

"ఇంకా? ఇంకేమన్నాడు?"

"'అమ్మా, ఆ కడ్డీ కింద పెట్టి విను' అన్నాడుట. దీనర్థమేంటో మాకు తెలీదంటున్నాడు చదివినాయన. దేశం దేశమంతా వినేసింది! రానీ వెధవని, చెవులు మెలిపెట్టకపోతే నా పేరు ఎడ్నా కాదు!"

"ఏడవకే. ఏడిస్తే పెదవులు వంకరపోతాయి, నాకు చదవడం రాదు. ఏం పాట వేశారు?"

"వయొలిన్లు."

"చెప్పానా!"

"నోరుముయ్! ఏం చెప్పావు నువ్వు? నీకు బొత్తిగా వినపడదు. కొంచెం చెవుడు, మిల్లువాళ్లందరికీ ఉండేదే అనుకున్నాను. చర్చి గంట కూడా వినపడదు నీకు. తలుపు బాదితే వినపడదు. ఆ కీచులు గంటసేపు... దేవుడా, నేను ఫిర్యాదు రాసింది ఎవరి మీద? ఎందుకు చెప్పలేదు నాతో?"

"తెలిసిందంటే మా చెల్లెలు వచ్చి వాళ్లూరికి లాక్కుపోతుంది. మూల కుర్చీలో కూచోబెట్టి జావ పోస్తుంది. నాకొద్దు. నువ్వు చెప్పావా నీ రేడియో సంగతి?"

"అది వేరు! మరి సోమవారాలు? ఒకటిన్నరకి వచ్చే జోకులాయన నిన్న భలే ఉన్నాడనేదానివిగా, బట్టలారేస్తూ?"

"ముందు నువ్వే తిట్టేదానివి. 'మీ జోకులాయన పోస్టుమాన్ పెళ్లాన్ని ఇలా అన్నాడు, అదీ ఒక జోకేనా' అని మొత్తం అప్పగించేదానివి. సాయంత్రం భక్తి పాటల్లో ఎవరి గొంతు బొంగురుపోయిందో, హోటల్ సంగీతం ఎన్నింటికయిందో, అన్నీ నీ తిట్లలోనే వినేదాన్ని. సోమవారం నాకు ఆదివారం."

"రేపు పొద్దున్నే పిల్లింగ్ దగ్గరికి పోతాను. ఆ కాగితం వాడి ముందే చింపుతాను. ఇవ్వనన్నాడో, ఈ కడ్డీ చూపిస్తాను."

"టోపీ తియ్యమని కూడా చెప్పు."

"చెప్తాను! అన్నీ చెప్తాను! కానీ నువ్వు ముందిది చెప్పు, పిచ్చిదానా. ఒక్క ముక్క వినపడనిదానివి, బీరువా అంత రేడియో ఏం చేసుకుందామని కొన్నావే? అసలు నీకు చెవులెప్పుడు పోయాయి?"

"చెవులు పోయి ఆరేళ్లయింది ఎడ్నా. రేడియో కొన్నది వాల్టర్ వెళ్లిపోయిన మర్నాడు."