ఎదురు దుకాణం చరిత్ర

2005. ఖమ్మం ఖిల్లా కింది పాత బజారు. గుండీలు, దారాలు అమ్మే సంపూర్ణ దుకాణానికి, ఎదురుగా చెప్పులు అమ్మే జస్టిన్ పొద్దున్నే వచ్చాడు.

“...గిట్ల మొదలువెడ్త. పేపర్ల రాసేటాయన నన్ను బజారు చరిత్ర అడిగిండు. మొదట ఈడ ఉప్పు, బెల్లం దుకాణాలు తప్ప ఏం లేకుండె...”

“జల్దీ చెప్పు సేటూ. సామాను కట్టుకోవాలె. రేపే కొత్త కాంప్లెక్సుకు పోవుడు.”

“భద్రాచలం దిక్కెల్లి చీపుర్లు, చింతపండు మోసుకొచ్చి అమ్మేటోళ్లు. సందు ఎంత ఇరుకంటే, వానొస్తే గొడుగు విప్పరాకపోయేది.”

“ఇప్పుడైతే విప్పొస్తదా?”

“మధ్యల మాట్లాడకు. తర్వాత క్యాసెట్ల దుకాణాలొచ్చినయ్. ఎస్టీడీ బూత్‌లొచ్చినయ్. అటెన్క గుండీల దుకాణమొచ్చింది. బజారుకు కళొచ్చింది.”

“ఏందేందీ?”

“చరిత్ర! ఒకరోజు గుండీలామె నీలం చీర కట్టుకొచ్చింది. ఆ రోజు ఒకాయనకు రెండూ ఎడమకాలి చెప్పులే ఇచ్చి పంపిన.”

“అయ్యో దేవా! ఆంథోని మామకా? చర్చికి కుంటుకుంట వచ్చిండు! అది నీ పనా?”

“అది రాయమందునా, వద్దా?”

“ఇది బజారు చరిత్రా, నా చరిత్రా?”

“నాకు రెండూ ఒకటే.”

“ఆగు, ఆగు, నవ్వలేక సస్తున్న. ఒకటి చెప్పు. రోజూ వచ్చి గుండీలు కొని బోణి చేస్తవ్. చెప్పులకు గుండీలు యాడ కుడ్తవ్?”

“కుట్ట. డబ్బాల పోస్త.”

“ఎందుకు?”

“చప్పుడు బాగుంటది.”

“నిజం చెప్పు.”

“నిజమే, చప్పుడు...”

“మొన్న ఫాదర్ అడిగిండు, ఈ సేటు పెండ్లెందుకు చేసుకుంట లేడని.”

“నువ్వేమన్నవ్?”

“నాకేం ఎరుక అన్న.”

“నీ పెండ్లి సంగతి అడగలేదా?”

“అడిగిండు. నాకు గుండీలతోనే సరిపోతున్నదన్న.”

“సంపూర్ణా, పోకు.”

“పోవాలె. కాంప్లెక్సోళ్లకు మాటిచ్చిన.”

“మూసిన షట్టర్ చూసుకుంట నేనెట్ల కూసోవాలె?”

“కూసోకు.”

“మరి యాడికి పోవాలె? నువ్వంటే నాకు పానం! ఇగో, అనేసిన. నవ్వు, ఇంక నవ్వు.”

“నవ్వుతనే ఉన్న గద! పో, చెప్పుల డబ్బాలు కట్టుకో.”

“నేనెందుకు?”

“ఆడ రెండు దుకాణాలు తీసుకున్న. మధ్యల గోడ లేపొద్దని మేస్త్రికి చెప్పొచ్చిన.”