నాలుగు వేళ్లు

ఒహాయోలో లెస్టర్‌ని పూడ్చిపెట్టి వచ్చాక, చర్చి కింది హాల్లో ఇద్దరే మిగిలారు. ఒకరు అతని భార్య. రెండోవాడు, బేస్‌బాల్‌లో బంతులు విసిరే లెస్టర్‌కి ఏ బంతి వెయ్యాలో వేళ్లతో సైగ చేస్తూ ఏళ్ల తరబడి ఎదురుగా కూర్చున్న ముసలి క్యాచర్.

“పేపరు చూశావా అన్నయ్యా? ఇన్నేళ్లలో మన టీమ్‌కి ఆడినవాళ్లందరిలోకీ ఆయనే పైనట.”

“దేన్నిబట్టి?”

“ఆ మనిషి చోట మామూలు ఆటగాణ్ణి పెడితే ఎన్ని ఆటలు తక్కువ గెలిచేవాళ్లమో లెక్కేశారట.”

“మరి నేనో?”

“ఊరుకో. ఆ లెక్కకేం తెలుసు!”

“చెప్పు చెల్లెమ్మా. ఈ వయసులో నన్ను టీమ్‌లోంచి తీసేస్తారా ఏంటి?”

“అందరికంటే కింద. నీ చోట ఏ మామూలువాడున్నా ఇంకో రెండు ఆటలు గెలిచేవాళ్లమట.”

“నిజమే. నాకు బ్యాటింగ్ ఎక్కడొచ్చింది!”

“నీ చోట ఇంకొకరు సరిపోరని నేను చూశాగా. మోకాళ్ల ఆపరేషనని నువ్వు ఆసుపత్రికి రాలేకపోయావు. ఆయనేమో మంచం చివర, కాళ్ల వైపు చూస్తూ, ‘సైగ చెయ్యవేంరా’ అని నిన్నే పిలిచేవారు. చూడలేక నేనే అక్కడ కూర్చుని వేళ్లు చూపించాను. ఒకటి చూపించినా, రెండు చూపించినా, మూడు చూపించినా వద్దని తల అడ్డంగా ఊపారు. చివరికి నాలుగు చూపించాను. చాలాసేపు చూసి, సరేనని తలూపి కళ్లు మూసుకున్నారు. మళ్లీ తెరవలేదు.”

అతను కాఫీ కప్పు కింద పెట్టాడు.

“నాలుగంటే ఏంటన్నయ్యా?”

“ఈ బ్యాటర్‌తో ఇంక పెట్టుకోవద్దు, పోనిచ్చెయ్ అని.”

“ఓహో...”

“నేనెన్నిసార్లు చూపించినా ఒక్కసారి కూడా ఒప్పుకోలేదమ్మా వాడు.”