పద్నాలుగో ట్రాక్

చర్లలో కంప్యూటర్ షాపు. చూపులేని పిల్లల కోసం జకర్యా సారు చదివి రికార్డు చేసిన కథల సీడీని, కంప్యూటర్‌లోకి ఎక్కించమని ఆయన భార్య షాపు కుర్రాడి దగ్గరికి తెచ్చింది.

“పదమూడు ట్రాకులకు కథల పేర్లు పెట్టిన, అమ్మా. పద్నాలుగోదానికి గీతలు పడ్డయి. ఇడిచిపెడ్దామా?”

“వద్దు తమ్మీ. మెల్లగ ఎక్కించు. ఒక్క మాట పోవద్దు.”

“నాలుగుసార్లు పెడ్తే సాఫ్‌గ వచ్చింది. నక్క కథ సగంల ఆగింది. తలుపు పగిలింది. ‘పోడు భూముల కేసుల సాక్షి చెప్తవారా’ అని ఒకడు ఒర్రిండు. తర్వాత గొడ్డలి దెబ్బలు. ఏడు.”

“ఎనిమిది. ఆఖరుది మెల్లగ పడ్డది.”

“కోర్టుల ఇనిపియ్యలేదా?”

“ఇనిపిచ్చిన. గొంతు ఎవరిదో తేలలేదన్నరు. నీకు తెలిసిందా?”

“మా అన్న గొంతే. చిన్నప్పుడు ఒక్క కంచంల తిన్నం.”

“అందుకే నీ దగ్గరికి తెచ్చిన. దానికి పేరు పెట్టు.”

“పెడ్తే నన్ను గూడ నరుకుతడు, అమ్మా.”

“సారుకు గూడ తెలుసు, తమ్మీ. అయినా సాక్షి చెప్తనన్నడు.”

కీబోర్డు చప్పుడు ఆగింది. మళ్లీ మొదలైంది.

“మా అన్న పేరు ఇంటిపేరుతోని రాసిన, అమ్మా. పక్కన సాక్షి అని నా పేరు గూడ పెట్టిన.”